మూత లోపలి గీత

చిన్నల్లుడి ఇంట్లో గోడగడియారం అయిదింటికి ఆరు కొట్టింది.

టీ కప్పు పెదాల దాకా తెచ్చుకున్న మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. గంటలు లెక్కపెట్టడం ఆయన పనిగట్టుకుని చేసేది కాదు. పాలు పొంగిన వాసన వస్తే ఇల్లాలి కాలు దానంతటదే వంటింటి వైపు కదిలినట్టు, గంట మోగితే ఆయన చెవి దానంతటదే లెక్క మొదలుపెడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా మెట్ల కింద బీరువా అంత దుకాణంలో మోకాళ్ళు ముడుచుకుని గడియారాలూ వాచీలూ బాగుచేస్తున్న మనిషి. ఆ దుకాణంలో ఆయన తుమ్మాలంటే తల బయటపెట్టి తుమ్మాలని వీధిలో చెప్పుకుంటారు. అబద్ధమనడానికి వీల్లేదు, లోపల తుమ్మితే ఎగిరిపోయే మరమేకులు వెతకడానికి పూట పడుతుంది.

"అదేమిటయ్యా, అయిదుకి ఆరు కొట్టింది?" అన్నాడు.

"అవునన్నయ్యా!" అన్నాడు చిన్నల్లుడు, పిల్లవాడికి కొత్త పన్ను వచ్చిందని చెప్పినంత సంబరంగా. "ఒక్క అయిదుకే. మిగతా గంటలన్నీ బుద్ధిగా కొడుతుంది. పాత సామాన్ల వాడి దగ్గర దొరికింది."

ఈ ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని మేస్త్రి చేసుకున్నాడు, చెల్లెల్ని పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఈ చిన్నల్లుడు చేసుకున్నాడు. అందరికీ తెలిసిందే, తోడల్లుళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఫోటో దిగుతారు గానీ ఆ చేతుల బరువు ఎంతో ఆ భుజాలకే తెలుసు.

"లోపల నత్తగుల్ల లాంటి బిళ్ళ ఒకటుంటుంది. దానికి పన్నెండు మెట్లు. అయిదో మెట్టు అరిగింది, అంతే. రేపు దుకాణానికి పంపు, గంటలో సరిచేస్తాను."

"వద్దన్నయ్యా, వద్దు! అలాగే వేలానికి పెట్టేశాను. చూడండి."

ఫోను మేస్త్రి చేతికొచ్చింది. గడియారం ముందు ఫోటో, వెనక ఫోటో, పక్క ఫోటో, చెక్క మీద చెదపురుగు కొరికిన చోట వేలు పెట్టి చూపిస్తూ ఇంకో ఫోటో. కింద రాత: "అయిదు గంటలకు ఆరు కొడుతుంది. కుడి మూల చెక్క చెద తిన్నది. తాళంచెవి దీని సొంతం కాదు, కానీ సరిపోతుంది. ముందు ఎవరింట్లో ఉండేదో నాకు తెలియదు." దాని కింద పదకొండు మంది పాట పెంచి ఉన్నారు. ఒకాయన, "ఇది మా ఆఫీసు గోడకి కావాలి, అందరం అయిదుకే ఇంటికి పోవచ్చు" అని కూడా రాశాడు.

మేస్త్రి పాట ఎంత దాకా వచ్చిందో చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తప్పు కాదు.

"లోపం ఉన్నదానికా ఇంత?"

"లోపం రాసినందుకన్నయ్యా. కొనేవాడు వస్తువుని ముట్టుకుని చూడలేడు కదా. వాడి చెయ్యి బదులు మన రాతే తడమాలి." పేరు పక్కన మెరుస్తున్న బంగారు చుక్కలు చూపించాడు. "నాలుగు వందల పన్నెండు మంది చుక్కలు ఇచ్చారు. ఒక్కడు కూడా సామాను వెనక్కి పంపలేదు."

మరదలు బిస్కెట్ల పళ్ళెం పెడుతూ, "ఈయన లోపాలు రాయడం చూస్తే నాకు భయం వేస్తోంది బావగారూ. ఎప్పుడో నన్ను కూడా వేలానికి పెట్టి, 'ఎడమ మోకాలు కీచుమంటుంది, నోరు ఆగదు' అని రాసేస్తారు" అంది.

"రాస్తే మంచి ధరే పలుకుతావులే" అని అక్క నవ్వింది. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా పళ్ళు బయటపెట్టాడు.

ఇంటికి నడుస్తుంటే భార్య అంది, "నాలుగు వందల పన్నెండు మందండీ! అందులో ఒక్కరూ మాట అనలేదంటే చూడండి."

"ఊఁ."

"మన వీధిలో అందరూ కలిసినా అంతమంది ఉండరు."

"ఊఁ."

"ఏమిటా ఊఁ? కడుపులో మంటగా ఉందా?"

"బిస్కెట్లు పడలేదు" అన్నాడు మేస్త్రి. ఆయన తిన్నది ఒక్క బిస్కెట్టు.

ఆ మంట ఎంతదంటే, ఆ రాత్రి దాన్ని ఎవరైనా వేలానికి పెట్టి ఉంటే ఊరంతా చలి కాచుకోవడానికి పాట పెంచుతూ పోయేది. మరమేకు తిప్పే సాధనాన్ని ఏ వైపు పట్టుకోవాలో తెలియనివాడు! నత్తబిళ్ళ ఎక్కడుంటుందో తెలియనివాడు! వాడికి చుక్కలు. మామగారి దగ్గర తొమ్మిదేళ్ళు మెడ వంచి కూర్చుని విద్య నేర్చుకున్నవాడికి మెడనొప్పి.

సోమవారం పొద్దున్నే మేస్త్రి దుకాణం తెరిచి, కింది సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన చేతివాచీ ఒకటి బయటికి తీశాడు. రోజూ కీ ఇచ్చే రకం. వెండి రంగు డబ్బీ, తెల్లటి ముఖం, నీలం ముళ్ళు. రైలు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కిందటేడు వచ్చి, "నాకిప్పుడు ఏ బండీ అందుకోవాల్సిన పని లేదయ్యా" అని ఆయనకే అమ్మేసి వెళ్ళాడు. అలాంటి వాచీలు ఇప్పుడు దొరకవు. వీధిలో ఎవరికీ చూపించకుండా దాచుకున్నాడు.

భూతద్దం కంటికి బిగించాడు. మూత విప్పాడు. లోపల ఊగే చక్రం ఇరుసు అరిగి కుంటుతోంది. వాచీకి అది గుండెకాయ లాంటిది. అసలుది దొరకదు. డబ్బాలో వెతికితే వేరే జాతి వాచీది ఒకటి సరిపోయేలా కనిపించింది. మిల్లీమీటరులో పదోవంతు తేడా. దాన్ని చక్కదిద్ది, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో దించాడు. పొద్దు గుమ్మంలో నుంచి మూడో మెట్టు మీదకి జరిగేసరికి చక్రం కుడికీ ఎడమకీ తడబడకుండా ఊగింది. చుక్క నూనె, ఇంకో అరచుక్క. లోపలంతా మెత్తని బ్రష్షుతో దులిపాడు. మూత బోర్లించి సూదితో ఏదో గీకి, ఊది, బిగించేశాడు.

ఆ గీకింది ఏమిటో చెప్పాలి. వాచీ బాగుచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. పని అయ్యాక మూత లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, తమ గుర్తూ తేదీ సూదిమొనతో గీస్తారు. మళ్ళీ ఎప్పుడైనా ఆ వాచీ చేతికొస్తే ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో తెలుస్తుంది. మేస్త్రి గుర్తు నిలువు గీత, కింద చుక్క, వేలాడే లోలకంలా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల మూతల మీద గీశాడో. గీస్తున్నానన్న ధ్యాస కూడా ఉండదు. నిద్రలో దోమను కొట్టిన చెయ్యికి పొద్దున దోమ గుర్తుంటుందా?

అప్పుడు ఫోను తీశాడు. ఫోటోలు పెట్టాడు, ముఖం వైపు రెండు, పక్కనుంచి ఒకటి. రాత దగ్గర కాసేపు ఆగాడు. చిన్నల్లుడి రాత కళ్ళ ముందు ఆడింది. వాడిది లోపాల పట్టీ. దాన్ని మించాలంటే లోపమే లేని వస్తువు కావాలి.

"రైలు గార్డు వాడిన వాచీ. ఒకే చేతి మీద బతికింది. లోపలి భాగాలన్నీ అసలువే. మూత ఇప్పటివరకు ఎవరూ తెరవలేదు."

చివరి వాక్యం చదువుకుంటే నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టుంది. నొక్కేశాడు. ఏడు రోజుల వేలం, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముగింపు.

మంగళవారం మధ్యాహ్నానికి తొమ్మిది మంది వచ్చారు. 'నీలిగువ్వ' అని ఒకరు, 'పాతకాలం' అని ఒకరు పొట్టేళ్ళలా ఢీకొంటున్నారు. అసలు పేర్లు ఎవరూ పెట్టుకోరట అక్కడ. నీలిగువ్వ ఒక మెట్టు ఎక్కితే పాతకాలం రెండు మెట్లు. మేస్త్రి పట్టకారు పక్కన పెట్టి ఫోనుకేసే చూస్తూ కూర్చున్నాడు. అలారం బాగుచేయించుకుందామని వచ్చినావిడ, "రేపు రానా మేస్త్రీ?" అంటే, "రండి, రండి" అన్నాడు. ఎవరు వచ్చారో కూడా చూడలేదు.

సాయంత్రానికి పాట చిన్నల్లుడి గడియారాన్ని దాటింది. మేస్త్రి దుకాణంలో కూర్చునే అటూ ఇటూ పచార్లు చేశాడు, అంటే కుర్చీలో కుడికీ ఎడమకీ కదిలాడు.

ఆ వెంటే ఇంకో సందేశం వచ్చింది. "మీ వాచీ చూసి నా మనసు పోయింది. పాటకి రెట్టింపు ఇస్తాను. వేలం ఆపేయండి. డబ్బు ఇప్పుడే పంపాను, రసీదు ఇదిగో. వాచీ ఈ రోజే ఈ చిరునామాకి పంపండి." కింద రసీదు బొమ్మ.

రెట్టింపు! మేస్త్రి ఆ సందేశం ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ సంతోషంతో చెల్లెలికి ఫోను చేసింది. వాళ్ళు మాట్లాడుకుంటుంటే మేస్త్రి దిండుకి ఆనుకుని కాళ్ళు చాపి, అవతలింట్లో చిన్నల్లుడి మొహం ఎలా మాడి ఉంటుందో ఊహించుకుంటున్నాడు. అయిదు నిమిషాలకి ఆ చిన్నల్లుడే లైన్లోకి వచ్చాడు.

"అన్నయ్యా, వాచీ పంపించలేదు కదా?"

"రేపు పంపుతాను. ఏం?"

"పంపకండి! వాడు దొంగ. రసీదు బొమ్మ ఎవడైనా గీస్తాడు. మీ బ్యాంకులో పడిందా చూశారా? వేలం బయట పెట్టుకునే బేరానికి సైటు వాళ్ళు పూచీ ఉండరు. నాకు మొదట్లో ఇలాగే ఒక ఫ్యాను పోయింది."

"నాకు ఆ మాత్రం తెలియదనుకున్నావా?" అన్నాడు మేస్త్రి. "బేరం ఆడనివాడు కొనడని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. ఊరికే మీ వదిన సరదా పడుతుందని చదివాను."

"హమ్మయ్య. అదే అనుకున్నాను" అన్నాడు చిన్నల్లుడు, నిజంగానే నమ్మినవాడిలా.

ఆ నమ్మడం ఉంది చూశారూ, అది ఇంకా కాల్చింది. మేస్త్రి బ్యాంకు ఖాతా చూశాడు. ఏమీ పడలేదు. గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, తెల్లారితే పంపడానికి సిద్ధంగా ఉంచిన వాచీని భార్య చూడకుండా మళ్ళీ బయటికి తీశాడు. తనని నిలువునా మునగకుండా కాపాడింది వాడని ఒప్పుకోవడం కంటే మునిగిపోవడమే మేలనిపించింది కాసేపు.

గురువారం పాట ఇంకా పెరిగింది. అప్పుడొచ్చింది పాతకాలం దగ్గర నుంచి రెండు ముక్కల సందేశం.

"నమస్కారమండీ. మూత తీసి లోపలి ఫోటో ఒకటి పెట్టగలరా? ఎవరూ తెరవని వాచీ నేనింతవరకు చూడలేదు."

మేస్త్రి నవ్వుకున్నాడు. తెరిస్తే శుభ్రంగా మిలమిలలాడే యంత్రం కనిపిస్తుంది, చూసి చావనీ అనుకున్నాడు. భూతద్దం బిగించి మూత విప్పి, బల్ల మీద వెల్లకిలా పెట్టాడు.

మూత లోపల నాలుగు గుర్తులున్నాయి.

మొదటిది చిన్న కొడవలి. మామగారిది. దాని కింద రెండు లోలకాలు, గార్డు తన దగ్గరికి తెచ్చిన రెండుసార్లవీ. నాలుగోది కూడా లోలకమే. సూది మొన కొత్తగా తగిలి ఇంకా మెరుస్తోంది. పక్కన మొన్నటి సోమవారం తేదీ, ఆయన చేతి ముత్యాల్లాంటి అంకెల్లో.

ఎవరూ తెరవలేదని రాసిన రోజు తేదీ.

మేస్త్రి తన కుడిచేతికేసి చూశాడు. ఆ చెయ్యి ఏమీ ఎరగనట్టు మోకాలి మీద పడుకుని ఉంది.

మూత తీయడం కుదరదని రాయొచ్చు. రాస్తే పాతకాలం వెళ్ళిపోతాడు. పాతకాలం వెళితే నీలిగువ్వ ఎవరితో ఢీకొడుతుంది? ఇంకో దారుంది. మేస్త్రి వీధికేసి ఒకసారి చూసి, సన్నని గరుకు కాగితం ముక్క వేలికి చుట్టుకున్నాడు. నాలుగో గుర్తు మీద పెట్టి గుండ్రంగా రుద్దాడు. నూరు చుట్లు, నూట యాభై. లోలకం పోయింది, తేదీ పోయింది. ఆ చోటు మాత్రం నున్నటి బట్టతల మీద దీపం పడ్డట్టు తళతళలాడింది. ఒక్కచోట అలా ఉంటే గుడ్డివాడికి కూడా అనుమానం వస్తుంది. మొత్తం రుద్దాలి. తన రెండూ రుద్దాలి. ఆ పైన కొడవలి.

కొడవలి మీద వేలు పెట్టాడు. వేలు కదల్లేదు.

"భోజనం తెచ్చాను. ఏమిటలా కూర్చున్నారు, ముల్లు గుచ్చుకుందా?"

భార్య క్యారేజీతో మెట్ల దగ్గర నిలబడి ఉంది. మేస్త్రి మూత గుప్పిట్లో దాచబోయాడు. ముప్ఫై ఏళ్ళు కాపరం చేసినావిడ ముందు గుప్పిట మూయడమంటే చాటింపు వేయడమే. ఆవిడ క్యారేజీ కింద పెట్టి చెయ్యి చాపింది. మూత చేతిలో పడింది. భూతద్దం కూడా తీసుకుని కంటికి ఆనించుకుంది. వాచీలవాడి కూతురు, వాచీలవాడి భార్య. అద్దం ఎలా పట్టుకోవాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాన్న కొడవలి" అంది.

మేస్త్రి క్యారేజీని పక్కకి జరిపాడు.

"తేదీ చూడండి. మా చెల్లి పుట్టిన నెల. ఆ నెలంతా నాన్న ఇంటి మొహం చూడలేదని, పిల్ల పుట్టినా వాచీలే పుట్టినట్టు దుకాణంలో కూర్చున్నాడని, అమ్మ పోయేదాకా సాధిస్తూనే ఉంది." అద్దం ఇంకాస్త దగ్గరగా పెట్టింది. "పాపం, నిజంగానే పనిలో ఉన్నాడన్నమాట."

తర్వాత ఆవిడ చూపు బట్టతల మచ్చ మీద పడింది. మేస్త్రి వేలికి చుట్టి ఉన్న గరుకు కాగితం మీద పడింది. మూత బల్ల మీద పెట్టేసింది.

"చేతులు కడుక్కోండి. చల్లారిపోతుంది" అంది.

తిన్నంతసేపూ ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అడిగితే కసురుకునేవాడు. కసురుకుంటే తేలికయ్యేది. గిన్నెలు సర్దుకుని ఆవిడ వెళ్ళిపోయాక, మేస్త్రి మూతని గుమ్మం వెలుగులో పెట్టి ఉన్నదున్నట్టుగా ఫోటో తీశాడు. మొదట రాసింది చెరపడం కుదరదట, కింద చేర్చడం మాత్రం కుదురుతుంది. పాత రాత కింద కొత్తది రాయడానికి రెండు గంటలు పట్టింది. ఒక్కో మాటా పంటిలో మాంసపు పీచులా సులువుగా రాలేదు.

"పైన రాసింది అబద్ధం. మూత నాలుగుసార్లు తెరిచారు. ఒకసారి మా మామగారు, మూడుసార్లు నేను. కొడవలి ఆయనది, లోలకం నాది. నాలుగో గుర్తు ఉన్నచోట మెరుపు చూస్తారు. దాన్ని ఈ రోజే నేను రుద్ది చెరిపాను. ఊగే చక్రం దీనిది కాదు, వేరే వాచీది. నేను వేశాను. బాగా ఆడుతుంది. రోజుకి ఒక నిమిషం ముందుకు పోతుంది. పాట పెంచినవాళ్ళు వెనక్కి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు."

అభ్యంతరం లేదంటే మొహమాటానికి రాసిన మాటే గానీ, వాళ్ళు నిజంగానే తీసుకున్నారు. సాయంత్రంలోగా నీలిగువ్వ ఎగిరిపోయింది. పోతూ పోతూ, "మీలాంటివాళ్ళ వల్లే నమ్మకం పోతోంది" అని రెట్ట వేసి పోయింది. మిగతా ఏడుగురూ చడీచప్పుడు లేకుండా జారుకున్నారు. పాట మెట్లు దిగి దిగి మొదటి మెట్టు దగ్గర చతికిలపడింది. పాతకాలం ఒక్కడే ఏమీ అనకుండా, ఏమీ పెంచకుండా అక్కడే ఉన్నాడు.

శుక్రవారం చిన్నల్లుడి ఫోను. "చూశానన్నయ్యా మీరు రాసింది" అన్నాడు. రెండుసార్లు దగ్గాడు. "ఫోటో బాగా వచ్చింది" అన్నాడు చివరికి.

"నీ గడియారం ఏమైంది?"

"ఆ ఆఫీసాయనే కొన్నాడు."

"ఎంతకి?"

చెప్పాడు. మేస్త్రి మంచిదని ఫోను పెట్టేసి, ఆ పూట బాగుచేయాల్సిన అలారాన్ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పాడు.

ఆదివారం నాలుగింటికి వేలం ముగిసింది. వాచీ పాతకాలానికి పోయింది, చిన్నల్లుడి గడియారం ధరలో మూడోవంతుకి. డబ్బు ఖాతాలో పడిందని చూసుకున్నాకే మేస్త్రి పెట్టె తీశాడు. దూదిలో వాచీ, దూది మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. పంపే ముందు మూత మరోసారి విప్పి, చెరిపిన చోటనే ఆ లోలకాన్ని మళ్ళీ గీశాడు. అదే సోమవారం తేదీ. ఈసారి గీస్తున్నానని తెలిసి గీశాడు. దాన్ని కూడా ఒక చీటీ మీద రాసి లోపల పెట్టాడు.

మళ్ళీ గురువారం మధ్యాహ్నం మేస్త్రి పేరు పక్కన మొట్టమొదటి చుక్క వెలిగింది. ఒక్కటే. దాని కింద పాతకాలం ఇలా రాశాడు.

"చెరిపినచోటుతో సహా అన్నీ రాసినట్టే ఉన్నాయి. మా తాత వాచీలో కూడా ఇదే కొడవలి ఉంది. ఎవరిదో తెలియక ఇన్నేళ్ళూ వెతుకుతున్నాను. అది ఆగిపోయి పదేళ్ళయింది. మీకు పంపుతాను, లోలకం గీసి పంపండి. ఈ రెండు గుర్తుల్లో ఏదున్న వాచీ అమ్మకానికొచ్చినా మంచి ధరకి కొంటాను."

మేస్త్రి అది ఎన్నిసార్లు చదివాడో చెప్పడం ఎందుకు, ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

శుక్రవారం పొద్దున ఆయన దుకాణం తలుపు తీస్తుండగానే చిన్నల్లుడు వచ్చాడు. ఆఫీసుకి పోవాల్సిన వేళ. చంకలో అట్టపెట్టె. కళ్ళ కింద నలుపు. మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"చదివానన్నయ్యా" అన్నాడు.

"ఏమిటి?"

"మీ చుక్క. మీ మరదలు నిన్నటి నుంచీ అదే చదువుతోంది. నాన్న కొడవలి, నాన్న కొడవలి అని. వంట చేస్తూ చదువుతుంది, జడ వేసుకుంటూ చదువుతుంది. నాకు నాలుగు వందల పన్నెండు... కాదు, ఇప్పుడు పదమూడు. అన్నీ ఒకటే మాట, 'రాసినట్టే ఉంది, బాగా కట్టి పంపారు.' టేపు అంటించడం ఎవడికి రాదు? నా చేతి గురించి ఒక్కడూ రాయలేదు."

మేస్త్రి భూతద్దం తుడుస్తున్నవాడల్లా ఆగాడు. నాలుగు వందల పదమూడు చుక్కలవాడు ఒక్క చుక్కవాడి మెట్ల మీద కూర్చుని నిద్ర చాలని కళ్ళతో నేలకేసి చూస్తున్నాడు. ఆ చూపు ఆయనకి తెలుసు. వారం కిందట గడ్డం గీసుకుంటుంటే అద్దంలో కనిపించింది.

చిన్నల్లుడు పెట్టె తెరిచాడు. మూడు పాత చేతివాచీలు.

"ఆడుతూనే ఉన్నాయి. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే మూత తీసి లోపల..." గొంతు తగ్గించాడు. "ఒక్క గీతన్నయ్యా. కొడవలైతే మరీ మంచిది. పాత తేదీ ఏదో ఒకటి. ఒక్క ఈ మూడింటికే."

వీధిలో ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడు. మేస్త్రి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ మనిషిలో ఒక్క సొట్ట కోసం భూతద్దం పెట్టుకుని వెతికాడు. ఇవాళ తనంతట తానే మూత విప్పి చూపిస్తున్నాడు. ఇంటికెళ్ళి చెబితే చాలు. వంట చేస్తూ చదివే మరదలికి ఒక్క మాట చెబితే చాలు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. వాడి మెడ మీద చొక్కా పట్టీ తిరగబడి ఉండడం కనిపించింది.

"లోపలికి రా" అన్నాడు.

"ఎక్కడికన్నయ్యా? చోటేదీ?"

"ఒదుగు. తుమ్మకు."

మూడింట్లో ఒకదాని మూత విప్పి, భూతద్దం తీసి చిన్నల్లుడి కంటికి తనే బిగించాడు. మొదటిసారి పెట్టుకునేవాడికల్లే వాడి నోరు తెరుచుకుంది.

"ఏం కనిపిస్తోంది?"

"చక్రాలు... అబ్బో, ఎంత పెద్దగా ఉన్నాయి! ఎర్రగా పొడి ఏదో ఉంది."

"తుప్పు. ఇంకా?"

"ఒక మరమేకు లేదు."

"ఇంకా?"

"నూనె ఎండి జిగురుగా అయినట్టుంది."

"ఇది ఆడుతోందన్నావు. ఇంకో రెండు నెలలు ఆడి చస్తుంది. అప్పుడు కొన్నవాడు మూత తీస్తే కొడవలి కనిపిస్తుంది. మా మామ పనితనం ఇదా అనుకుంటాడు." మేస్త్రి గొంతు పెంచలేదు. "మీ మామ కూడా ఆయనే."

చిన్నల్లుడు భూతద్దం తీయలేదు. దాని వెనక కన్ను చెమ్మగిలితే అద్దం మసకబారుతుంది. మసకబారింది. మేస్త్రి అటు చూడకుండా గుడ్డ ముక్క అందించాడు.

"గుర్తు చెరిపానని నా చేత రాయించింది ఎవరనుకున్నావ్? మీ వదిన. నిన్ను ఆపడానికి నాలాంటి ముసలాడు దొరికాడు. అదృష్టవంతుడివి కాదు, ఏం చేస్తాం."

వాడు నవ్వబోయి, తుమ్మబోయి, రెండూ ఆపుకున్నాడు.

ఆఫీసుకి సెలవు చెప్పాడు. దీపం పట్టుకుని పక్కనే ఒదిగి కూర్చున్నాడు. మేస్త్రి తుప్పు గీకాడు, నూనె కడిగాడు, డబ్బాలో వెతికి మరమేకు వేశాడు. "ఆ చక్రం పేరేమిటి, దాని పక్కదేమిటి" అని వాడు అడుగుతుంటే, తొమ్మిదేళ్ళు మెడ వంచి నేర్చుకున్నది విసుగు లేకుండా చెప్పాడు. మధ్యాహ్నం భార్య ఒక్కరికే తెచ్చిన భోజనం ఇద్దరూ తిన్నారు. చోటు లేక ఒకరి మోచేయి ఒకరి పళ్ళెంలో పడింది.

సాయంత్రానికి ఒక వాచీ పూర్తయింది. మూత బోర్లించి మేస్త్రి సూది తీశాడు. లోలకం గీశాడు. పక్కన తేదీ వేశాడు. చిన్నల్లుడు వంగి చూశాడు.

"ఇవాళ్టిదే వేశారేంటన్నయ్యా?"

"మరి? నిన్న చెయ్యలేదుగా."

మూత బిగించి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత గోడగడియారంతో పోల్చి, మళ్ళీ విని, పెదవి విరిచాడు. వాచీని చిన్నల్లుడి అరచేతిలో పెట్టాడు.

"ఇరుసు కొంచెం అరిగింది. రోజుకి రెండు నిమిషాలు వెనక్కి పోతుంది. అంతకంటే నా వల్ల కాదు. అది రాసుకో" అన్నాడు. ఎటో చూస్తూ, "ఆ రాయడం నాకంటే నీకు బాగా వచ్చు" అన్నాడు.

చిన్నల్లుడు జేబులో కలం కోసం వెతుక్కున్నాడు.